మోజు పోయింది, చోటు మిగిలింది

పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య ఇరుకుగా ఆపిన కారులోంచి నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకుని దిగడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. తలుపు జానెడు తెరుచుకుంటుంది. పక్క కారుకు గీత పడకూడదు, బిడ్డ తల తగలకూడదు, భుజం మీది సంచి జారకూడదు. అదే చోట స్లైడింగ్ డోర్ ఉన్న పాత మినీవ్యాన్ ఆగిందనుకోండి. తలుపు వెనక్కి జరుగుతుంది, మనిషి నిటారుగా నిలబడే బిడ్డను అందుకుంటాడు. పనైపోయింది. ఆ బండికి పదిహేనేళ్లు ఉండొచ్చు. దాన్ని వెనక్కి తిరిగి చూసేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

అలాంటి బండి ఒకటి నేను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. "ఇంకా ఇదేనా?" అని అడిగినవాళ్లే, ఇల్లు మారే రోజు దగ్గర పడితే "రేపు బండి ఖాళీయేనా?" అని ఫోన్ చేస్తారు. వస్తువు ధర పడిపోయిందంటే దాని పనితనమూ పడిపోయినట్టే అని మనకు తెలియకుండానే ఒక లెక్క వేసుకుంటాం. పాత కాంపాక్ట్ మినీవ్యాన్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. దాని ధర పడింది ప్రధానంగా మోజు పోవడం వల్ల. లోపలి చోటు మొదటి రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఈ రెండింటికీ మధ్య ఏర్పడిన ఖాళీయే పాత బండి కొన్నవాడికి దక్కే లాభం. అయితే ఆ లాభం ఊరికే రాదు. ఎక్కడ వస్తుందో, ఎక్కడ చేజారుతుందో చూద్దాం.

ముందుగా పేరు సంగతి. మినీవ్యాన్ అనగానే అయిదు మీటర్లు దాటిన పెద్ద బండి గుర్తొస్తుంది. నిజానికి మొదటి తరం మినీవ్యాన్లు అంత పెద్దవి కావు. 1983 చివర్లో క్రైస్లర్ తయారు చేయడం మొదలుపెట్టిన డాడ్జ్ క్యారవాన్ పొడవు సుమారు 4.47 మీటర్లు. అదే సంస్థ ఇప్పటి పసిఫికా 5.17 మీటర్లు. అంటే నాలుగు దశాబ్దాల్లో 70 సెంటీమీటర్లు పెరిగింది. పెద్దవి అలా పెరుగుతూ పోతుంటే, కింద ఖాళీ అయిన చోట్లోకి వచ్చినవే కాంపాక్ట్ మినీవ్యాన్లు: మాజ్దా 5, ఓపెల్ జఫీరా, ఫోక్స్‌వ్యాగన్ టూరాన్, రెనో సెనిక్, హోండా స్ట్రీమ్, కియా క్యారెన్స్ వగైరా. సాధారణ కుటుంబ కారు పునాది తీసుకుని, దాని మీద ఎత్తైన పెట్టె లాంటి బాడీ కట్టి, అయిదు నుంచి ఏడు సీట్లు అమర్చితే వచ్చేదే ఈ రకం. పొడవు దాదాపు 4.1 నుంచి 4.6 మీటర్ల మధ్య ఉంటుంది. మామూలు సెడాన్ పట్టే పార్కింగ్ గడిలో ఇదీ పడుతుంది.

చోటు ఎక్కడి నుంచి వస్తుంది?

బయట అంతే పొడవు ఉన్న రెండు బండ్లలో ఒకదాని లోపల అయిదుగురు ఇరుక్కుని కూర్చుంటే, ఇంకోదాని లోపల ఆరుగురు కాళ్లు చాపుకుంటారు. దీని కిటుకు అర్థం కావాలంటే 1959 నాటి మినీ కారు దగ్గరికి వెళ్లాలి. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి పెట్టి, ముందు చక్రాలకే శక్తి అందేలా చేశాడు. దాంతో మూడు మీటర్ల కారులో నేల వైశాల్యంలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ మిగిలింది. ఇంజిన్ నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పే పాత పద్ధతిలో కారు నడుమ నుంచి ఒక ఇనుప కడ్డీ వెనక్కి పోవాలి. దానికోసం నేల మధ్యలో గుబ్బలా ఒక సొరంగం లేస్తుంది. మధ్యలో కూర్చున్నవాడి కాళ్లు చెరో పక్కకు పోయేది దానివల్లే. ముందు చక్రాలతో నడిచే బండిలో ఆ కడ్డీ లేదు. నేల చదునుగా ఉంటుంది. చదునైన నేల ఉంటే సీట్లను ముందుకూ వెనక్కూ జరపొచ్చు, మడవొచ్చు, పీకి పక్కన పెట్టొచ్చు.

రెండో కిటుకు ఎత్తు. మనిషిని కుర్చీలో నిటారుగా కూర్చోబెడితే ముందూ వెనకా తక్కువ చోటు చాలు. కాళ్లు చాపి వాల్చి కూర్చోబెడితే ఎక్కువ చోటు కావాలి. సెడాన్ పైకప్పు తక్కువ కాబట్టి అందులో మనం సగం పడుకున్నట్టు కూర్చుంటాం. మినీవ్యాన్‌లో పైకప్పు ఎత్తు కాబట్టి నిటారుగా కూర్చుంటాం. ఒక్కో మనిషి దగ్గర మిగిలిన ఆ కొంచెం కొంచెమే కలిసి ఇంకో వరుస అవుతుంది. ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు, రేఖాగణితం అంతే.

ఈ గణితం తెలిసినవాళ్లు ముందు నుంచీ ఉన్నారు. 1956లో ఫియట్ తెచ్చిన 600 మల్టిప్లా మూడున్నర మీటర్ల బండి. అందులో ఆరుగురు కూర్చునేవారు. ఇంజిన్ వెనక, డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీద. 1982లో నిస్సాన్ ప్రెయిరీ వచ్చింది. దాని ముందు తలుపుకూ వెనక జారే తలుపుకూ మధ్య స్తంభమే లేదు. రెండూ తెరిస్తే పక్క గోడంతా తెరుచుకున్నట్టే. అమెరికాలో ఈ ఆలోచనను ఫోర్డ్ సంస్థలో ఉన్నప్పుడే భుజాన వేసుకుని తిరిగినవాడు హాల్ స్పెర్లిక్. అక్కడ చెల్లలేదు. తర్వాత ఆయనా, ఫోర్డ్‌లో ఆయన పై అధికారి అయిన లీ అయకోకా ఇద్దరూ క్రైస్లర్‌కు చేరాక అక్కడ బండి రూపం దాల్చింది. మామూలు ఇంటి గ్యారేజీలో పట్టాలి, కారులా నడవాలి, వ్యాన్‌లా మోయాలి: లక్ష్యం ఇదే. 1984లో ఐరోపాలో రెనో ఎస్పాస్ వచ్చింది. తయారీ మాత్రా అనే ఫ్రెంచ్ సంస్థది.

కాంపాక్ట్ రకానికి అసలు మలుపు 1996లో వచ్చిన మెగాన్ సెనిక్. చిన్న కుటుంబ కారు పునాది, 4.13 మీటర్ల పొడవు, వెనక మూడు విడివిడి సీట్లు. దేన్నైనా విడిగా తీసేయొచ్చు. 1997కు గాను ఐరోపా 'కార్ ఆఫ్ ది ఇయర్' అదే. మూడేళ్లకు ఓపెల్ జఫీరా ఇంకో అడుగు వేసింది. తీసేసిన సీటును ఎక్కడ దాచాలన్నది సెనిక్ లాంటి బండ్లలో పెద్ద తలనొప్పి. ఒక్కో సీటు బరువుకు నడుము పట్టేస్తుంది, పైగా ఇంట్లో దానికి చోటు చూడాలి. తీరా దారిలో అవసరం పడితే అది ఇంట్లో ఉంటుంది. జఫీరాలో మూడో వరుస డిక్కీ నేలలోకి మడుచుకుపోతుంది. అంతకుముందే 1994 నాటి మొదటి హోండా ఒడిస్సీ కూడా వెనక వరుసను నేలలోని గుంటలోకి మడిచేది. అది అకార్డ్ కారు పునాది మీద కట్టిన బండి, తలుపులు కూడా మామూలు కార్లవే. వెనక సీటు గుంటలో పడుకున్నాక పైన చాప పరిస్తే అక్కడ సీటు ఉందన్న సంగతే కొత్తవాళ్లకు తెలియదు.

ఈ జాబితాలో నా అభిమాన బండి వేరే ఉంది. 1998 ఫియట్ మల్టిప్లా. నాలుగు మీటర్ల లోపు పొడవు, ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. అద్దం కింద ఉబ్బిన నుదురుతో ఉన్న ఆ ముఖాన్ని చూసి లోకమంతా నవ్వింది. 2004లో ఫియట్ ఆ ముఖాన్ని మామూలుగా మార్చేసింది. ఆ నవ్విన రూపాన్నే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1999లో ప్రదర్శనకు పెట్టింది. ముగ్గురు పక్కపక్కన కూర్చోవాలంటే బండి వెడల్పుగా ఉండాలి, ఉంది. రెండు వరుసలే కాబట్టి ఆరుగురూ కూర్చున్నాక కూడా వెనక నిజమైన డిక్కీ ఉంటుంది. ఏడు సీట్ల బండ్లు చాలావాటికి ఈ రోజుకూ లేనిది అదే.

నడుము, మోకాలు, తలుపు

పాత మినీవ్యాన్ వదలని వాళ్లను ఎందుకని అడిగితే సీట్ల లెక్క కన్నా ముందు వచ్చే మాట ఎక్కడం దిగడం. సెడాన్‌లో కూర్చోవాలంటే కిందికి పడాలి, లేవాలంటే పైకి లాక్కోవాలి. ఎత్తైన ఎస్‌యూవీ అయితే పైకి ఎక్కాలి. ఇందులో సీటు ఎత్తు దాదాపు మన తుంటి ఎత్తుకు ఉంటుంది. కాబట్టి కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు జరిగి కూర్చుంటే చాలు. పైగా నేల కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను రోజూ తీసుకెళ్లేవాళ్లకు ఈ కొద్దిపాటి ఎత్తు తేడా ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

నేల కిందికి ఉండటం సామానుకూ వర్తిస్తుంది. వాషింగ్ మెషీన్‌ను డిక్కీలోకి ఎక్కించాలంటే ఎత్తాల్సిన ప్రతి అంగుళమూ నడుముకు తెలుస్తుంది. ఎస్‌యూవీ బయటికి ఎంత భారీగా కనిపించినా, నేల మీది ఎడం, కొన్నిటిలో వెనక చక్రాలకు పోయే కడ్డీ, వెనక్కి వాలిన అద్దం అన్నీ లోపలి చోటు నుంచే కోత పెడతాయి. నిలువు గోడలూ నిలువు వెనక తలుపూ ఉన్న బండికి అందం తక్కువ కావచ్చు, బీరువా పడుతుంది.

స్లైడింగ్ డోర్ అన్ని కాంపాక్ట్ మినీవ్యాన్లలో లేదు. మాజ్దా 5లో ఉంది, ఫోర్డ్ గ్రాండ్ సి-మాక్స్‌లో ఉంది. జఫీరా, టూరాన్‌లలో మామూలు తలుపులే. జారే తలుపుకు బాడీ పక్కన పొడవాటి పట్టా కావాలి, కింద బలమైన రోలర్లు కావాలి, తలుపు బరువు పెరుగుతుంది, రూపం కూడా "డెలివరీ బండి"లా తయారవుతుంది. అందుకే చాలా కంపెనీలు చిన్న బండ్లలో దాన్ని వదిలేశాయి. నా దృష్టిలో అది పొరపాటు. పిల్లలు తలుపును బలంగా తోసి పక్క కారుకు కొడతారన్న టెన్షన్ ఒక్కటి పోయినా ఆ పట్టా పెట్టిన ఖర్చు గిట్టినట్టే.

ఏడు సీట్లంటే ఏడుగురా?

ఇక్కడ అమ్మేవాడి మాటకూ వాస్తవానికీ తేడా చెప్పుకోవాలి. నాలుగున్నర మీటర్ల బండిలో మూడో వరుస ఉందంటే, అది పిల్లలకు లేదా చిన్న ప్రయాణాలకు. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డం దగ్గరికి వస్తాయి. ఎందుకంటే కింద సీటు మడుచుకునే గుంట ఉండాలి, దాని కింద వెనక చక్రాల ఇరుసు, సైలెన్సరు ఉంటాయి. అందుకే అక్కడ నేల ఎత్తుగా, సీటు మాత్రం కిందికి ఉంటుంది.

మూడో వరుస లేపితే డిక్కీ మాయమవుతుంది. మొదటి జఫీరాలో ఏడు సీట్లూ వాడుకలో ఉంటే మిగిలే చోటు సుమారు 150 లీటర్లు, అంటే రెండు మూడు చేతి సంచులు. అయిదుగురైతే 600 లీటర్లు. ఇద్దరే ఉండి మిగతావన్నీ మడిస్తే 1,700. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే బండి స్వభావం తెలిసిపోతుంది. అది ఒకేసారి మనుషులనూ సామానునూ మోసే బండి కాదు. ఈ రోజు మనుషులను, రేపు సామానును మోసే బండి.

దాదాపు ఎవరూ పట్టించుకోని ఇంకో లెక్క ఉంది, బరువుది. మనిషికి సగటున 75 కిలోలు వేసుకుంటే ఏడుగురు 525 కిలోలు. ఇలాంటి బండ్లు చాలావాటికి తయారీదారు అనుమతించే మోత అర టన్ను చుట్టుపక్కలే. అంటే ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కగానే, సంచులు పెట్టకముందే, పరిమితి అంచుకు చేరినట్టు. ఆపైన కప్పు మీద కూడా సామాను కడితే వెనక స్ప్రింగులు దిగబడతాయి, బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి, ముందు లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. తలుపు చట్రం మీదో, పెట్రోలు మూత లోపలో ఉండే స్టిక్కరు మీద నిండు బరువుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో వేరే అంకె రాసి ఉంటుంది. పదేళ్లుగా బండి వాడుతూ ఆ స్టిక్కరు ఒక్కసారీ చదవని వాళ్లు నాకు తెలుసు. నేనూ చాలా కాలం ఆ బాపతే.

మోజు ఎందుకు పోయింది?

అమెరికాలో మినీవ్యాన్ల అమ్మకాలు 2000 ప్రాంతంలో శిఖరానికి చేరాయి, ఆ తర్వాత జారుతూ వచ్చాయి. ఐరోపాలో కాంపాక్ట్ రకం ఇంకొన్నాళ్లు నిలబడి, 2010ల రెండో సగంలో కూలింది. కారణంగా అందరూ చెప్పేది ఎస్‌యూవీ. అది నిజమే, కాకపోతే ఎస్‌యూవీ గెలిచింది పనితనంలో కాదు. మినీవ్యాన్ "నాకు పిల్లలున్నారు" అని చెబుతుంది. ఎస్‌యూవీ "ఎప్పుడో ఒకరోజు కొండలెక్కుతాను" అని చెబుతుంది. ఇద్దరూ వెళ్లేది అదే స్కూలుకు, అదే కూరగాయల కొట్టుకు. పిల్లలతో ఉన్న జీవితాన్ని ఒప్పుకుంటూనే దాని ముద్ర పడకూడదనుకోవడం మనిషి సహజం, దానికి ఎవరినీ తప్పు పట్టలేం. కంపెనీల వైపు నుంచి చూస్తే ఇంకో కారణం. అదే పునాది మీద కట్టిన ఎస్‌యూవీ రూపానికి ఎక్కువ ధర చెప్పొచ్చు. ఏ వ్యాపారైనా అటే పోతాడు.

ఈ మార్పుకు సెనిక్ కన్నా మంచి సాక్షి లేదు. 1997లో మినీవ్యాన్‌గా ఐరోపా 'కార్ ఆఫ్ ది ఇయర్' అయిన ఆ పేరే 2024లో మళ్లీ అదే బహుమతి గెలిచింది. ఈసారి అది క్రాస్ఓవర్ (ఎస్‌యూవీలా కనిపించే కారు) రూపంలోని అయిదు సీట్ల ఎలక్ట్రిక్ కారు. ఎస్పాస్ కూడా ఇప్పుడు ఎస్‌యూవీయే. జఫీరా పేరు పెద్ద వ్యాన్‌కు వెళ్లిపోయింది. మాజ్దా 5 అమెరికాలో 2015 మోడల్‌తో ఆగిపోయింది. పేర్లు బతికాయి, ఆ రకం పోయింది. కాబట్టి ఈ తరహా బండి కావాలనుకునే వాడికి చాలా చోట్ల పాతది కొనడం తప్ప దారి లేదు. "పాత" అన్న మాట ఇందులో ఇష్టంగా వచ్చింది కాదు, గత్యంతరం లేక వచ్చింది.

కొత్త కారు ధర మొదటి కొన్నేళ్లలోనే నిట్టనిలువుగా పడుతుంది, తర్వాత వాలు తగ్గుతుంది. ఎవరూ మోజు పడని రకమైతే ఆ మొదటి పతనం ఇంకా లోతు. రెండో, మూడో యజమాని కొనేసరికి ఆ నష్టాన్ని వేరెవరో భరించి ఉంటారు. ఆపైన అయిదేళ్లు వాడి అమ్మినా పోయేది తక్కువే. ఇంకో చిన్న సుఖం కూడా ఉంది, బయటికి చెప్పుకోరు గానీ పాత బండి యజమానులందరికీ తెలుసు. సీటు మీద పాలు ఒలికినా, బంపరుకు సైకిలు తగిలినా గుండె జారదు. కుక్క, బురద బూట్లు, మొక్కల కుండీలు, అన్నీ ఎక్కొచ్చు. వస్తువును కాపాడుకునే పని లేకపోతే దాన్ని వాడుకోవడం మొదలవుతుంది.

నడపడం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పునాది చిన్న కారుది కాబట్టి స్టీరింగ్, సస్పెన్షన్ కారులాగే ఉంటాయి. మాజ్దా 5ను అమెరికాలో కూడా మాన్యువల్ గేరుతో అమ్మారు, మినీవ్యాన్లలో అదో వింత. ఎత్తైన ఎస్‌యూవీ కన్నా బరువు కేంద్రం కిందికి ఉంటుంది. అయితే నిలువు ముక్కు గాలిని చీల్చదు. హైవే మీద వేగం పెంచేకొద్దీ మైలేజీ దిగుతుంది, పక్క గాలి వీస్తే చక్రం గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. చిన్న ఇంజిన్ మీద నిండా మనుషులుంటే ఘాట్ రోడ్డులో ఓపిక కావాలి.

వయసు తెచ్చే సమస్యలు

పాత బండి అంటే ఎంత పాతది? నేను గీసుకునే గీత భద్రత దగ్గర. మలుపులో బండి జారబోతే చక్రాల బ్రేకులను విడివిడిగా నొక్కి దారిలో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. అంతకుముందు బండ్లలో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. ఒకే మోడల్‌లో ఖరీదైన వెర్షన్‌కు ఉండి చౌకదానికి లేకపోవచ్చు. ఎత్తైన బాడీ, నిండా మనుషులు ఉండే బండిలో ఇది లేకుండా నేనైతే కొనను. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఏ సీట్లకు ఉన్నాయో కూడా చేత్తో తడిమి చూసుకోవాలి. మూడో వరుసలో చాలావాటికి ఉండవు. పక్క కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మూడో వరుస దాకా వస్తాయా, రెండో వరుసతో ఆగుతాయా అన్నదీ అంతే ముఖ్యం. వెనక నుంచి ఢీకొంటే మూడో వరుసకూ వెనక తలుపుకూ మధ్య నలిగే చోటు తక్కువ. దీన్ని ఢీకొట్టి చూసే పరీక్షల్లో ఇచ్చే ఏ స్టారు రేటింగూ మార్చలేదు. అందుకే ఆ వరుస మా ఇంట్లో రోజువారీ వాడకానికి కాదు.

రీకాల్, అంటే లోపమున్న బండ్లను తయారీదారే వెనక్కి పిలిచి బాగుచేయడం, దాని గురించి చాలామంది మర్చిపోతారు. తకాటా అనే జపాన్ సంస్థ చేసిన ఎయిర్‌బ్యాగుల ఉదంతంలో లోపల గాలి నింపే రసాయనం వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై పాడైంది. ప్రాణం కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగు పేలి ఇనుప ముక్కలు విసిరింది. అనేక కంపెనీల కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. చేతులు మారిన పాత బండికి ఆ కబురు అందకపోయి ఉండొచ్చు. బండి మీద చెక్కి ఉండే 17 అక్షరాల వీఐఎన్ అనే గుర్తింపు నంబరుతో తయారీదారు దగ్గర అడిగితే ఏ రీకాల్ మిగిలిందో తెలుస్తుంది, మరమ్మతుకు కూడా మామూలుగా డబ్బు తీసుకోరు.

ఇంజిన్ దగ్గర ముందుగా అడగాల్సింది, వాల్వులను సరైన సమయానికి కదిలించేది టైమింగ్ బెల్టా లేక ఇనుప చైన్ ఉందా అని. బెల్టు రబ్బరుది, కిలోమీటర్లతోనూ ఏళ్లతోనూ అరుగుతుంది. గడువు దాటి తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి, ఇంజిన్ పోయినట్టే. "బెల్టు మార్చాం సార్" అన్న మాట సరిపోదు, బిల్లు కావాలి. మాజ్దా 5లోని 2.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్ లాంటి వాటికి చైన్ ఉంటుంది, అప్పుడు ఆయిల్ సమయానికి మార్చారా లేదా అన్నదే ప్రశ్న. డీజిలు బండైతే, రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగే వాడకానికి అది సరిపడదు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను కాల్చుకుని శుభ్రపడాలంటే చాలాసేపు వేడిగా నడవాలి, ఊళ్లో తిరుగుళ్లలో ఆ వేడి అందదు. కొన్ని నగరాల్లో పాత డీజిళ్లకు ప్రవేశ రుసుము కూడా ఉంది. లండన్‌లో ఆ రుసుము తప్పాలంటే ఐరోపా పొగ ప్రమాణాల్లో పెట్రోలుకు యూరో 4 చాలు, డీజిలుకు యూరో 6 ఉండాలి. ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో ద్రవం ద్వారా శక్తిని అందించే పాత టార్క్ కన్వర్టరు రకం నిదానంగా ఉన్నా చాలాకాలం నిలుస్తుంది. రెండు క్లచ్‌లతో గేరు మార్చే డ్యూయల్ క్లచ్ రకానికి వయసు మీద పడితే మరమ్మతు బిల్లు బండి ధరతో పోటీ పడగలదు. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్న మాటను నేను నమ్మను. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది వాళ్లెప్పుడూ చెప్పరు.

తుప్పు అన్నిటికన్నా మొండిది. ఇంజిన్ మార్చొచ్చు, గేరుబాక్సు మార్చొచ్చు. తలుపుల కింది గుమ్మాలు, వెనక చక్రాల చుట్టూ బాడీ, సస్పెన్షన్ బిగించే చోట్లు తినేస్తే ఆ బండిని వదిలేయడమే. మెరిసే కొత్త పెయింటు కన్నా బండి కింద పడుకుని టార్చిలైటుతో చూసిన అయిదు నిమిషాలు ఎక్కువ చెబుతాయి. రబ్బరు బుష్‌లు, కూలెంట్ గొట్టాలు, ఇంజిన్ మౌంటింగులు తక్కువ తిరిగిన బండిలో కూడా వయసుతో గట్టిపడి పగులుతాయి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో చెబుతాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. గాడులు లోతుగా ఉన్నాయని సంబరపడేముందు ఆ అంకె చూడాలి.

ఇక స్లైడింగ్ డోర్. అంతగా పొగిడాను కాబట్టి దాని పాపాలూ చెప్పాలి. ఒకరోజు మా బండి తలుపు సగం దూరం జారి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. వాన, లోపల నలుగురు. మెకానిక్ చూసి రోలరు, తాడు, లాకు మొత్తం మార్చాలన్నాడు. ఇంకో చోటికి తీసుకెళ్తే కింది పట్టాలో ఇరుక్కున్న చిన్న బొమ్మ కారు చక్రాన్నీ, ఏళ్ల నాటి మట్టినీ తీసి, ఇంత గ్రీజు రాసి పంపించాడు. ఆ పట్టాను నెలకోసారి తుడిస్తే చాలని నాకు అప్పుడు తెలిసింది. నిజంగా రోలరు అరిగిన సందర్భాలూ ఉంటాయి. తలుపు మూసేటప్పుడు చివర్లో కొంచెం పైకెత్తాల్సి వస్తే అదే గుర్తు. కరెంటుతో నడిచే తలుపులైతే మోటారు, తాడు, తలుపులోకి వంగుతూ పోయే వైర్లు అన్నీ విడిగా పాడవుతాయి. చేత్తో లాగే తలుపున్న బండి దొరికితే నేను దానికే ఓటేస్తాను.

ఇవన్నీ చదివాక లాభం ఎక్కడుందని అడగొచ్చు. కొత్త కారు ఖర్చు నెలనెలా ఒకేలా, చడీచప్పుడు లేకుండా పోతుంది. పాతదాని ఖర్చు ఏడాదిలో రెండుసార్లు పెద్ద చప్పుడుతో వస్తుంది. చప్పుడు చేసేదే ఎక్కువనిపిస్తుంది. పక్కపక్కన రాసుకుని చూస్తే చాలాసార్లు సంగతి వేరుగా తేలుతుంది. ఈ లెక్క పని చేయాలంటే కొనే రోజే బండి ధరలో ఓ నాలుగో వంతు పక్కన పెట్టుకోవాలి, టైర్లు, బెల్టు, బ్రేకులు, బ్యాటరీ మొదటి ఏడాదిలోనే అడుగుతాయి కాబట్టి. ఉన్న డబ్బంతా బండికే పోస్తే మొదటి రిపేరుతోనే ప్రేమ చచ్చిపోతుంది. రోజూ తెల్లవారుజామున తప్పకుండా స్టార్ట్ కావాల్సిన ఉద్యోగం ఉండి, ఇంట్లో వేరే బండి లేకపోతే పదిహేనేళ్ల వ్యాన్ మీద ఆధారపడమని నేను చెప్పను. ఏడుగురు పెద్దవాళ్లు తరచూ దూరం వెళ్లే ఇంటికీ ఇది సరిపోదు, పెద్ద వ్యాన్ చూసుకోవాలి. ఆగిపోయిన మోడల్ కాబట్టి ఇంజిన్ భాగాలు దొరికినా, మూడో వరుస సీటు లాచ్, జారే తలుపు కిటికీ రబ్బరు లాంటి ఆ బండికే ప్రత్యేకమైన ముక్కలు ఏటేటా కష్టమవుతాయి. అవి పగలకుండా, పోకుండా ఉన్నాయా అన్నది ఇంజిన్ శబ్దమంత శ్రద్ధగా చూడాలి.

చూడటానికి ఒంటరిగా వెళ్లకండి. రోజూ ఎక్కేవాళ్లందరినీ తీసుకెళ్లండి, పిల్లల సీటు, వీల్‌చెయిర్ ఏదుంటే అది కూడా పట్టుకెళ్లండి. ప్రతి సీటునూ మడిచి, లేపి, మళ్లీ మడవండి. మూడో వరుసలో అమ్మేవాడిని కూర్చోబెట్టి మీరు నడపండి, వెనక నుంచి వచ్చే చప్పుళ్లు ఆయనే చెబుతాడు. తర్వాత తలుపులన్నీ మూసి, ఏసీ పూర్తిగా పెట్టి, వెనక వరుస దాకా చల్లదనం చేరుతుందా అని పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లో మీ పిల్లలు ఏ సీటు ఎవరిదని కొట్లాట మొదలుపెడితే, బేరం మాత్రం వాళ్ల ఎదుట చేయకండి.